తెల్ల లెన్సు

కోఠీ, గుజరాతీ గల్లీ, మధ్యాహ్నం మూడు.
చిట్టీ పాడుకుంటే చేతికొచ్చిన లక్షా పది వేలు
బ్యాగులో టిఫిన్ డబ్బా కింద.

ఖుర్షీద్ భాయ్ అద్దాల బల్ల మీద రెండూ నిలబెట్టాడు.
తెల్లది కంపెనీది, లక్షా తొంభై. అప్పు చేయాలి.
నల్లది ఎవరిదో,
పేరు పలకడానికి నాకే రెండుసార్లు పట్టింది,
తొంభై మూడు.
రెండూ డెబ్బై నుంచి రెండొందలు.
ఏదైనా పసిపిల్లను ఎత్తుకున్నట్టు
ఎడమ అరచేయి కింద పెట్టాల్సిందే.

"ఏది మంచిది భాయ్?"
"పెండ్లిల్లకా, పిట్టలకా?"
"పెళ్లిళ్లకే."
"పిట్టలే నయం బేటీ, బిల్లు ఎగ్గొట్టయి."

గల్లీలోకి తిప్పి చూశాను.
తెల్లదాంట్లో ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి,
దాని అంచు కుట్టు,
కుట్టులో తెగి వేలాడే ఒక దారం.
నల్లదాంట్లో అదే దుప్పటి, అదే దారం.
మూలల్లో మాత్రం కాస్త మెత్తబడింది,
పప్పు తగిలిన అప్పడంలా.

కంప్యూటర్లో రెండు ఫొటోలూ పెద్దవి చేసి
పేర్ల మీద చేయి అడ్డం పెట్టి
"ఏది ఏందో చెప్పు" అన్నాడు.
తప్పు చెప్పాను.
ఇంకో జత చూపించాడు. అదీ తప్పే.
ఆయన నవ్వలేదు. చాయ్ చెప్పాడు.

ఐలయ్య సారు దగ్గర లైటు పట్టుకున్న రోజుల్లో
ఆయనదీ నల్లదే.
చంపాపేట పెళ్లిలో దానికి మోచేతి పోట్లు తప్ప
దారి దొరికేది కాదు.
ఒక రాత్రి స్ప్రే డబ్బా తెచ్చి
గాజుకు పేపరు చుట్టి, డాబా మీద నిలబెట్టి
తెల్లరంగు కొట్టేశాడు.
ఎర్ర గీత నేనే గీశాను, మా చెల్లి గోళ్ల రంగుతో,
ఊపిరి బిగబట్టి.

మరుసటి వారం పెళ్లికొడుకు మేనమామ
చుట్టాలను తానే పక్కకు నెట్టాడు.
"జరుగుండ్రి, పెద్ద కెమెరా ఒస్తుంది."
ఏప్రిల్ ఉక్కకు, చెమటకు
సారు అరచేతినిండా తెల్లటి పొడి.
భోజనాల దగ్గర ఎవరో అడిగారు,
చేతికి సున్నమేంది సార్ అని.
ఆయన తమలపాకు అడిగాడు.

ఇంకో నిజం కూడా చెప్పాలి.
రాత్రి రెండింటికి, అప్పగింతల వేళ,
సగం లైట్లు ఆర్పేసిన హాల్లో
ఆ లెన్సు వెతుక్కునేది, ముందుకూ వెనక్కూ,
చీకట్లో చెప్పులు తడుముకునే ముసలాయనలా.
దొరికేసరికి ఏడుపు అయిపోయేది.
పెళ్లికూతుర్ని మళ్లీ ఏడవమనలేం కదా.
సారు ఒకసారి అన్నాడు.
ఆమె పకపకా నవ్వింది.
ఆ నవ్వే వాళ్లింట్లో గోడంత ఫ్రేము.

"ఇది గట్ల కాదు, మోటరు మారింది" అంటాడు భాయ్.
మళ్లీ తనే, "కానీ కరాబైతే
పార్టుకు నెల పడ్తది. సీజన్ల పడిపోతే నీ ఇష్టం."
"తెల్లది?"
"తెల్లదాన్ని అయిదేండ్లకు అమ్మినా సగం ఒస్తది.
కొనేటోడు కూడా ముందు రంగే చూస్తడు."

చాయ్ చల్లారింది.
నల్లదే కట్టించుకున్నాను.
నోట్లు ఆయన ఒకసారి లెక్కపెట్టాడు, నేను రెండుసార్లు.

పుత్లీబౌలి దాకా నడిచి వస్తుంటే
బండ్ల రంగుల షాపు,
షట్టరు పక్కన తెల్ల డబ్బాలు వరుసగా.
ఆగి, ఎంత అని అడిగాను.
అడిగానంతే.