వంతెన లేచినప్పుడు

వారానికి ఐదు సాయంత్రాలు
ముప్పయ్యారో నంబరు బస్సులో కూర్చుని
వంతెన దిగడం కోసం చూస్తుంటాను.
ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దారి ముందు నీళ్లది, తర్వాతే నేలది.
గంట మోగుతుంది, అడ్డుకర్ర వాలుతుంది,
తారురోడ్డు నడిమికి విరిగి ఆకాశంకేసి లేస్తుంది.
కిందనించి ఎవరిదో తెల్లటి యాట్
తీరిగ్గా, ఊరేగింపుకి బయల్దేరినట్టు.
డ్రైవరు ఇంజను ఆపి గోళ్లు చూసుకుంటాడు.
డ్యూటీ పుస్తకంలో ఆలస్యం: ఏడు నిమిషాలు.
కారణం గడిలో ‘పడవ’ అని రాస్తే
సూపర్‌వైజరు మొదటిసారి నవ్వాడు.
రెండోసారి నవ్వలేదు.

ఈ ఆదివారం ఆ పడవ మాదే.

నాలుగు గంటలపాటు.
రక్తపరీక్షల గదిలో రాత్రిపని చేసే ఏడుగురం
పద్నాలుగు నెలలు చీటీ కట్టాం.
గయానా నుంచి వచ్చిన ఇంద్రాణి దాన్ని బాక్స్ హ్యాండ్ అంటుంది,
హైతీ రోజ్‌లీన్ సోల్ అంటుంది.
ఏ దేశపు చీటీలోనైనా ఎగ్గొట్టేవాడు ఒకడుంటాడు,
మాలో లేకపోవడమే ఈ యాట్.
ఒప్పంద కాగితంలో డీజిలు వేరు, రేవు రుసుము వేరు,
సిబ్బందికి బహుమానం ఇరవై శాతం, ‘మీ ఇష్టం’ అని రాసి
ఇష్టం కింద గీత గీశారు.

ఎక్కగానే చెప్పులు బుట్టలో వెయ్యమన్నారు.
టేకు చెక్క గీసుకుపోతుందట.
గడప లేదు గానీ ఆచారం ఉంది ఈ ఇంటికి.
రోజ్‌లీన్ ఎత్తు మడమల కింద
నా ఆస్పత్రి చెప్పులు నలిగి పడుకున్నాయి.
మారివిక్ తెల్ల సోఫా మీద తువ్వాలు పరిచి
ఆ తువ్వాలు అంచున కూర్చుంది,
చెమట మరక పడితే డిపాజిట్టు పోతుందని.

కెప్టెన్ బహామాస్ మనిషి, ఆల్‌స్టన్.
మనసులో నేనతన్ని సరంగూ అని పిలిచాను.
నర్సాపురం రేవులో పంటు నడిపే సరంగు కూడా
ఇలాగే, నీళ్లకేసి చూడకుండా నీళ్లని చూసేవాడు.
ఆ పంటు మీద మోటారుసైకిళ్లు, మేకలు, కొబ్బరిగెలలు,
ఒకసారి తలంబ్రాలు ఇంకా జుట్లోనే ఉన్న పెళ్లికూతురు.
ఆమె కోసం కూడా ఏదీ పైకి లేవలేదు.

ఇక్కడ ఆల్‌స్టన్ రేడియోలో రెండు ముక్కలు చెప్పాడు.
అంతే, సన్‌రైజ్ వంతెన లేచింది.

ఇన్నేళ్లూ దాని వీపే చూశాను.
కడుపు ఇలా ఉంటుందని తెలీదు:
గ్రీజు, తుప్పు, పావురాల రెట్ట,
ఎవరో పెయింటుతో రాసి సగంలో ఆపేసిన పేరు.
ఇంద్రాణి హారన్ కొట్టమని గోల.
“ఒక పొడుగు, ఒక పొట్టి” అన్నాడు ఆల్‌స్టన్,
“వంతెనని అడగడానికి. సరదాకి కాదు.”

పైన, అడ్డుకర్ర దగ్గర, అందరికంటే ముందు
ముప్పయ్యారో నంబరు.
నేను కూర్చునే మూడో కిటికీలో ఎవరో నీలం యూనిఫాంలో,
మణికట్టుకేసి చూసుకుంటూ.
చెయ్యి ఊపుదామని లేపాను.
సగం దూరంలో అది క్షమించమన్నట్టు అయిపోయింది.
ఆ చేత్తోనే జుట్టు సర్దుకున్నాను.

తర్వాత సముద్రం.
దాని గురించి నా దగ్గర పెద్దగా ఏం లేదు,
వెచ్చగా ఉంది, ఉప్పగా ఉంది,
మారివిక్ తువ్వాలు గాలికి పోయింది,
అప్పుడు వెనక్కి వాలి సుఖంగా కూర్చుంది.

సోమవారం మళ్లీ గంట, మళ్లీ అడ్డుకర్ర.
పక్కసీటావిడ పళ్లు కొరుకుతూ తిట్టింది.
నేనూ తిట్టాను, అలవాటు.
తిడుతూనే గడియారం చూశాను:
యాట్ దాటడానికి రెండు నిమిషాలు,
మిగతా ఐదూ లేవడానికి, దిగడానికి వంతెన వాడుకున్నవే.

కారణం గడిలో ఈసారి
‘వంతెన’ అని రాశాను.