పదకొండో పాదం

కవిత చిన్నదే. పదకొండు పాదాలు.
తెలుగు సారు బోర్డు మీద రాసిచ్చిండు.
రాసినోని పేరు ఆయనకూ తెల్వదట,
ఏదో పాత డైరీల దొరికిందట.
దాన్ని ఐదు నిమిషాల సినిమా చెయ్యాలె,
పదిహేను మార్కులు.

కెమెరా అంటే తబస్సుం వాళ్లన్న ఫోను,
మూలకు పగిలిన అద్దం.
జాగ అంటే కనగల్లు తొవ్వల
మూతబడ్డ కంకర మిషను.
సైన్యం అంటే మేం నలుగురం.

మొదటి పాదం తేలిక:
"తెల్లారకముందే లేపిన్రు మమ్ముల."
రెండోది ఆగం చేసింది:
"రాత్రి, యజమాని లేని కంచరగాడిద లెక్క నిలబడ్డది."
"లెక్క"ను ఎట్ల తీస్తరు?
మా తండాల గాడిద ఉన్నది, అన్నడు సక్రు.
గాడిద వస్తది, రాత్రి రాదు, అన్నది తబస్సుం.
ఆ పాదం విడిచిపెట్టినం.

ఖాకీ అంగి ఏడ దొరకలే.
మిషను కాడి వాచ్‌మన్ ఊశయ్య
తన రెండో అంగి ఇచ్చిండు,
జేబుల బీడికట్ట మరిచి.
"ఎవలతోటిరా లడాయి?"
కాయితం తీసి చూసినం. రాసి లేదు.
"మరి అవతలోడేడి?"
అవతలోనికి మా కాడ మనిషి లేడు.
అంగి తిరగేసి, కుట్లు బైటికి తొడుక్కొని
ఉపేందరే గుట్ట ఆ పక్కకు పోయిండు.
పొద్దుగాల ఈడికెల్లి కాల్చింది వాడే,
పగటీలి ఆడ పడ్డది వాడే.
తర్వాత ముక్కలు అతికిస్తుంటే
ఉపేందర్ ఉపేందర్‌ను గురి చూస్తున్నడు,
రెండు దిక్కులా అదే పుట్టుమచ్చ.

ఏడో పాదం:
"తూటా తగిలినోడు చెప్పుల కోసం తడుముకున్నడు."
ఉపేందర్‌కు నవ్వు ఆగలే. ఆరు టేకులు.
ఏడోసారి, ఎవలం చెప్పకుండనే,
దొరికిన చెప్పు తొడుక్కోలే వాడు.
దుమ్ము దులిపి పక్కన పెట్టిండు.
మా నవ్వు ఆగింది.

పదకొండో పాదం: "తర్వాత వాన పడ్డది."
మే నెల. నల్లగొండల.
ట్యాంకరుకు ఎనిమిది వందలు, తలా రెండొందలు.
సక్రు పైపు ఎత్తి పట్టిండు.
ఉపేందర్ సచ్చి పండుకున్నడు,
ఛాతి మీద కుంకుమ నీళ్లు.
నేను "యాక్షన్" అన్ననో లేదో
ట్యాంకరు చప్పుడు విన్న వాడకట్టంత
బిందెలతోటి గుట్టెక్కింది.
"మంచినీళ్లేనా?" "ఎవలు పంపిన్రు?"
"నేల మీద పోస్తున్రేందిరా, మీ చేతులిరగ!"
అమ్మా, ఇది వాన, అని చెప్పబోయిన,
లడాయి అయినంక పడే వాన...
ఒకామె నా కాళ్ల మీదికి బిందె జరిపింది.

సచ్చినోడు లేచిండు.
సక్రు చేతిల పైపు గుంజుకొని
ముసలోళ్లు ముందుకు రండ్రి, అని
ఒక్కొక్క బిందెకూ పట్టిండు.
ఛాతి నిండ ఎరుపు.
ఏమైందని ఎవలూ అడుగలే.
తబస్సుం ఫోను దించలే.

సారు రెండుసార్లు చూసిండు.
"ఆఖరి పాదం ఏదిరా?"
పదిహేనుకు తొమ్మిది.

అంగి మా అమ్మ మూడుసార్లు ఉతికింది.
జేబు కింద అరచెయ్యంత మరక పోలే.
కొత్త బీడికట్ట పెట్టి తీసుకపోయిన.
ఊశయ్య ఏమనలే, అప్పుడే తొడుక్కున్నడు,
లైటు లేని మిషను ముందట
రాయి మీద కూసున్నడు.
ఆయన వెనుక రాత్రి నిలబడి ఉన్నది,
ఎవలూ తోలుకపోని దాని లెక్క.

ఆ దినం ఫోను నా కాడ లేదు.