మార్వా, నూట నలభై మూడు యూనిట్లు

నెలకోసారి ఆ గల్లీకి వెళ్తాను,
నూర్‌ఖాన్ బజార్లో, సైకిల్ కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరగాల్సిన చోట.
నిజానికి అది పొద్దున పదిన్నరకి చూడాల్సిన మీటరు.
నేనే దాన్ని కిందికి జరుపుతూ జరుపుతూ
వరసలో ఆఖరి ఇల్లు చేసుకున్నాను.
ఆఫీసులో తెలియదు. మీరూ చెప్పకండి.

మొదటిసారి ఎవరూ తలుపు తియ్యలేదు.
లోపల ఒక గొంతు ఒకే స్వరాన్ని పట్టుకుని
నాచు పట్టిన మెట్టు మీద నిలబడ్డట్టు నిలబడింది.
గొళ్ళెం మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది.
మీటరు చక్రం మీద ఎర్ర గీత రెండుసార్లు తిరిగొచ్చింది.
ఆ గొంతు ఇంకా అక్కడే ఉంది.

మా అక్క చిన్నప్పుడు మిర్యాలగూడలో సంగీతం నేర్చుకుంది.
గడప దిగి వీధిలోకి వెళ్ళినట్టు
అన్నీ 'స'లోంచే బయల్దేరేవి,
అన్నం వేళకి మళ్ళీ 'స'లోకే వచ్చేవి.
ఇక్కడ సాబిరా ఆపా
నిషాదంలో లేచి, రిషభం దగ్గర కూచుని,
గాంధారం వైపు ఓసారి చూసి,
మధ్యమాన్ని కాస్త పైకి ఎగదోసి,
పంచమం అనే గుమ్మం ఆ వీధిలోనే లేనట్టు దాటి,
ధైవతం గోడకి చెయ్యి ఆనించి
ఇల్లొచ్చింది, ఇదిగో వచ్చేసింది అనుకుంటాను,
'స' పక్కనుంచే నడిచి వెళ్ళిపోతుంది.
తలుపు తట్టదు.

ఈ పేర్లన్నీ తర్వాత తన్వీర్ చెప్పాడు.
చాదర్‌ఘాట్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు,
శుక్రవారాలు తంబూరా మీటడానికి వస్తాడు.
"మార్వా అంటారన్నా. పొద్దు గుంకే ఈ అరగంటకే.
ముందు పాడితే పచ్చికాయ, తర్వాత పాడితే చద్దన్నం."
తంబూరా బుర్ర ఎప్పుడో పగిలిందట,
అతికించిన జిగురు గీత
మ్యాపులో మూసీలా వంకర్లు పోయింది.

ఆ రిషభం తియ్యగా ఉండదు. వగరు.
నేరేడు పండు అయిపోయాక
గింజ చుట్టూ మిగిలే వగరు,
ఉమ్మెయ్యబుద్ధి కాదు.
ఎదురు డాబా మీద నీళ్ళ ట్యాంకు నల్లటి వీపు
కాసేపు దానిమ్మ తొక్క లోపలి పసుపు.
ఎవరో ఈల వేస్తే పావురాలన్నీ లేచి
ఒక చుట్టు తిరిగి
దిగబోయి, దిగక, ఇంకో చుట్టు.

ఇంతలో మగ్రిబ్ అజాన్.
ఆపా అరచెయ్యి తీగల మీద పెట్టింది.
తాన్ సగంలో ఉంది, సగంలోనే ఉంచేసింది.
కొంగు తల మీదికి లాక్కుని, అప్పుడు నన్ను చూసింది.
"ఎంతొచ్చింది బేటా?"
"నూట నలభై మూడు యూనిట్లు."
"ఒక ఫ్యాను, రెండు బల్బులు. ఇంకేం కాలుతోంది ఈ ఇంట్లో?"

చెప్పడానికి నాకు మాట దొరకలేదు.
బదులుగా అడిగాను,
"స ఎందుకు పాడరు ఆపా?"
కళ్ళద్దాల కోసం దిండు కింద తడుముతూ అంది,
"తంబూరా అంటూనే ఉంది కదా.
అందరూ దాన్నే అంటుంటే వినేదెవరు?"

వచ్చే నెల కొత్త మీటర్లు పెడతారట.
వాటి లెక్క అవే చెప్పుకుంటాయి,
గల్లీలోకి మనిషి రానక్కర్లేదు.
ఆ సంగతి ఆపాకి చెప్పలేదు.
బిల్లు మడిచి ఖురాన్ బల్ల పక్కన డబ్బాలో పెట్టుకుంది.

మలక్‌పేటలో రైలెక్కాను, నిలబడే వచ్చాను.
సీటు ఖాళీగానే ఉంది.
బోరబండలో మా ఇంటి మెట్లెక్కితే
లోపల శోభారాణి ఎవరితోనో ఫోన్లో నవ్వుతోంది,
కుక్కర్ రెండో విజిల్ వేసింది.
బెల్లు దాకా వెళ్ళిన వేలు వెనక్కి తీసుకున్నాను.
మూడోదీ వేసింది.
చెప్పుల స్టాండు పక్కన
ఇంకాస్సేపు అలాగే.