ఇరవై తీసి ముప్పై రెండు

మధ్యాహ్నం మూడు దాటిందంటే
జహ్రా క్యాంపులో మా గది బ్రేకరు పడిపోతుంది.
టక్.
అంతే. ఏసీ ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది.
రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న పన్నెండు మంది
ఒకేసారి కళ్లు తెరుస్తారు.

నేరం మొదట ఖాదర్‌వలి అన్నం కుక్కరు మీద పడింది.
తర్వాత ఓబులేసు ఇస్త్రీపెట్టె మీద.
ఆ తర్వాత, ఎవరూ పైకి అనలేదు గానీ,
నిద్రలో కూడా ఫోను ఛార్జింగు తీయని గంగిరెడ్డి మీద.
అన్నీ పీకేశాను. కుక్కరు లేదు, ఇస్త్రీ లేదు.
మూడు దాటింది.
టక్.

ఫోర్‌మన్ సబ్రీ కారు దిగకుండానే అరిచాడు:
"ఇరవై తీసెయ్, ముప్పై రెండు పెట్టు. ఖలాస్."

ఖలాస్ అంటే ఏమిటో నాకు తెలుసు.
పోయినేడు ఫహాహీల్‌లో నేనే పెట్టాను ముప్పై రెండు.
బ్రేకరు పడలేదు. అందరూ వీపు తట్టారు.
నాలుగో రోజు గదిలో చేపలు కుళ్లిన వాసన.
ఎవడు వండాడ్రా అని తిట్టుకున్నాం.
చేపలు కావు. గోడలో తీగ తొడుగు ఉడుకుతోంది.
షఫీకుల్ పరుపు తలవైపు నల్లబడింది మొదట,
తర్వాత అతని ఎడమ చెయ్యి.
నన్నేమీ అనలేదు. బ్రేకరు మార్చిందెవరో అతనికి తెలియదు.

నిచ్చెన వేసి పడమటి గోడ ఎక్కాను.
బూడిదరంగు గొట్టం. ముట్టుకుంటే పెనం.
మూత విప్పితే లోపల ఏడు గదుల తీగలు,
ఏడు జతలు,
కంపెనీ బస్సులో చోటు లేక
నిలబడే నిద్రపోయే మనుషుల్లా.

జేబులోంచి మడత కాగితం తీశాను,
కేటలాగులో చింపుకున్న పట్టిక.
యాభై డిగ్రీల వరుస దగ్గరే చెమటకు చిరిగింది,
మిగతా వరుసలతో ఇక్కడ నాకు పనేముంది.
రెండున్నర తీగ, ముప్పై డిగ్రీల చల్లని ఊళ్లో, ఒంటరిగా అయితే
ఇరవై నాలుగు ఆంపియర్లు మోస్తుంది.
యాభైలో పదిహేడు.
ఏడు జతలు ఒకే గొట్టంలో ఒత్తుకుంటే
తొమ్మిదీ చిల్లర.
అదే రాగి. అదే మందం.
తొడుగు మీద అచ్చేసిన అంకె చెక్కు చెదరలేదు.

వేడెక్కేకొద్దీ రాగి కరెంటుకు దారివ్వదు,
దారివ్వని కొద్దీ ఇంకా వేడెక్కుతుంది.
మా అవ్వ మా చిన్నాయన గురించి ఇట్లాగే అనేది:
"కోపమొచ్చిందే అని మళ్లా కోపం వానికి."

ఇక బ్రేకరు.
దాని కడుపులో చిటికెన వేలంత పట్టీ,
రెండు లోహాలు అతికించింది.
ఒకటి సాగుతుంది, రెండోది అంతగా సాగదు.
వేడికి వంగి, ఇంకా వంగి, ఒక చోట కొక్కెం జారుతుంది.
దాన్ని పరీక్షించిన వాళ్లు ముప్పై డిగ్రీల గదిలో కూర్చున్నారు.
ఇక్కడ పెట్టె లోపల అరవై.
చెడిపోయిందనుకున్నాం.
నా వల్ల కాదు అని
ఈ క్యాంపు మొత్తానికి నోరు తెరిచి అంటున్నది అదొక్కటే.

సబ్రీతో అంకెలన్నీ చెప్పాను.
ఎడమ చెయ్యి సంగతి చెప్పలేదు.
"ఎన్ని రోజులు?" అన్నాడు.
రెండన్నాను. నాలుగు పట్టింది.
ఏడు జతల్నీ విడదీసి
తూర్పు గోడకి, రేకు నీడలో,
తెరిచిన ట్రే మీద ఎడంగా పరిచాం.
ఏసీలకు వేరే లావు తీగ లాగాం.
పెట్టెను ఎండలోంచి లోపలి వసారాకు జరిపాం.
వదులైన స్క్రూలు బిగించాను, ఒకదాని కింద రాగి నీలంగా మాడి ఉంది.
బ్రేకరు మాత్రం అదే. ఇరవై.

ఇవాళ బయట యాభై ఒకటి.
మూడు.
మూడుంపావు.
ఖాదర్‌వలి కుక్కరు మూత ఎగురుతోంది.
ఎవరూ లేవలేదు.

నేను పెట్టె దగ్గర నిలబడి
ఒక్కో బ్రేకరు నొసట
చేతి వెనకవైపు ఆనించి చూస్తున్నాను,
పిల్లల జ్వరం చూసినట్టు.
వెచ్చగా ఉంది. ఆ మాత్రం ఉంటుంది.

షఫీకుల్ నంబరు ఇంకా నా ఫోన్లోనే ఉంది.