తీసుకున్న చర్య

ఈ ఊర్లో పేరొకటే.
ఆస్పత్రికీ అదే, సంగీతం కాలేజీకీ అదే,
పులులుండే జూకీ అదే,
మా గేటు కమాను మీదా అదే.
బస్టాండు కాడ ఆటో ఎక్కి
వెంకటేశ్వర అంటే చాలదు.
"చదువుకా, రోగానికా, పులికా?" అంటాడు ఆటోవాడు.
"కొండకైతే జీపెక్కమ్మా."

పోస్టుమ్యాన్ చెంగల్రాయుడు అట్ల అడగడు.
చిరునామాలో కొండ మాట లేకుంటే
సంచి మా బల్ల మీద బోర్లించి పోతాడు.
విశ్వవిద్యాలయం, ఇన్‌వర్డ్ సెక్షన్,
కిటికీ పక్క కుర్చీలో
పద్నాలుగేండ్లుగా నేను.

పెండ్లిపత్రికలొస్తాయి, నాలుగు మూలలా పసుపుతో,
"మొదటి పత్రిక సామికే" అని.
వాటికీ నంబరు వేస్తాను.
గుండుకు ఎన్ని గంటలకు రావాలని ఒకాయన.
ఆవుకు పాలు తగ్గినాయని వడమాలపేట నుంచి ఇంకొకాయన.
పశువుల యూనివర్సిటీ వేరే, దాని గేటు వేరే.
ఆయన ఆవుకు ఏం తెలుసు.

ఇక్కడ పురుగుల మీద ఆరేండ్లు పరిశోధన చేసిన లోకనాథాన్ని
బెంగళూరులో ఇల్లు అద్దెకిచ్చే ఆమె అడిగిందంట:
"వెంకటేశ్వరలోనా? అయితే మంత్రాలొస్తాయా?"
వస్తాయన్నాడు. అడ్వాన్సు సగానికి తగ్గించింది.

నేను మాత్రం తక్కువా?
పెండ్లిచూపుల్లో మా పెద్దమ్మ
"పిల్ల యూనివర్సిటీలో ఉంది" అని అక్కడికి ఆపేసింది.
ఏం చేస్తుందో ఎవరూ అడగలా.
నేనూ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయినా.
ఇప్పటికీ మా అత్తగారి వీధిలో
నేను ప్రొఫెసరమ్మనే.

నిన్న ఒక కవరు.
వెంకటేశ్వర, తిరుపతి. అంతే.
పిన్‌కోడు గళ్ళలో
మూడు నామాలు గీసి ఉన్నాయి.
లోపల పసుపుగుడ్డ ముడి,
విప్పితే నూటపదహారు,
ఆ పదహారూ రూపాయి బిళ్ళలే.

"సామీ, నేను మొగిలి కాడ కుప్పమ్మను.
నా తమ్ముడు నీ కాలేజీలో చదవతా ఉండాడు.
బోర్డు మీద నీ పేరు చూసే
రెండు బర్రెలమ్మి చేర్చినా.
లెక్కల్లో రెండుతూర్లు పోయింది.
నీ పేరు పెట్టుకోనుండి
నిన్ను అడక్కుండానే ఫెయిలు చేస్తారా?
రవంత చూడు."
అడుగున హాల్‌టికెట్ నంబరు.
సామి వెతుక్కోకుండా.

పరీక్షల విభాగానికి ఫోన్ చేసినా.
"మా నంబరు కాదే అది" అన్నారు.
చిత్తూరు రోడ్డులో ఏదో ప్రైవేటు కాలేజీ.
బోర్డు మీద ఆ పేరొక్కటే పెద్దక్షరాలంట,
మిగతాది దగ్గరికి పోతే గాని కనబడదంట.

తమ్ముడు మావాడు కాడు.
కాలేజీ మాది కాదు.
మొక్కు మాకు కాదు.
ఈ నూటపదహారుకు మా లెక్కల్లో పద్దు లేదు.
తిప్పి పంపాలి, రూలు అదే.

మా కవరు తీసినా.
ఎడమ పక్క నీలం అక్షరాలతో అచ్చయి ఉంది
పంపినవారి పేరు.
కుప్పమ్మకు చదువొచ్చు. ఆ ఒక్క పేరైతే బాగా వచ్చు.
డబ్బులు తిరిగొస్తే ఏమనుకుంటుంది?
సామే వద్దన్నాడనుకుంటుంది.

కవరు మళ్ళీ సొరుగులో పెట్టేసినా.

రిజిస్టరులో చివరి గడి, తీసుకున్న చర్య.
సాయంత్రం దాకా ఖాళీగా పెట్టి, లైట్లు ఆర్పేముందు
"సంబంధిత శాఖకు పంపడమైనది" అని రాసినా.
ఆదివారం మొదటి బస్సుకు కొండెక్కాల.
సెలవు పెట్టే పని లేదు.

ఇంటికొచ్చి సంచి కింద పెడితే
గలగలమనింది.
"ఏందిమే ఇంత చిల్లర?" అనింది మా అత్త,
"ప్రొఫెసర్లకు జీతం బిళ్ళల్లో ఇస్తా ఉండారా?"

నవ్వినా.
అది కూడా దిద్దలేదు.