ఏ తొమ్మిది?

గుడిసె బయట కర్రలు పోగుపడ్డాయి.
లోపలికి కర్ర తేకూడదన్నది మేం పెట్టిన ఒకే ఒక్క నియమం.
కుక్కలకి నియమాలు చెప్పినవాళ్లు లేరు,
గడప మీద గడ్డాలానించి అవీ పాఠం వింటున్నాయి.

మొఖోట్లోంగ్ దాటి, రోడ్డు ఆగిపోయాక
గుర్రం మీద ఇంకో నాలుగు గంటల పైకి.
జూలై మంచు.
మందని దొడ్లోకి తోలి, జొన్నగంజి తాగి,
ఏడింటికి దుప్పట్లు దులుపుకుంటూ ఒక్కొక్కరే వస్తారు,
తొమ్మిదేళ్లవాడు, పందొమ్మిదేళ్లవాడు,
మీసం నెరిసిన రమకాట్స కూడా,
ఒకే బల్ల మీద, ఒకే అక్షరం ముందు.
పిడకల పొగ. తడిసిన ఉన్ని. రబ్బరు బూట్లు.

నేను మసేరులో జీన్స్ ప్యాంట్లకి కొలతలు సరిచూసేదాన్ని.
ఆర్డర్లు లేక ఫ్యాక్టరీ మూసిన మూడు వారాలు
ఇక్కడ చదువు చెప్తానని పేరిచ్చాను.
ఎందుకు వస్తున్నారని ఫారం అడిగితే
"సేవ" అని రాశాను.
ఖాళీ చిన్నది. అంతకంటే పెద్ద అబద్ధం పట్టలేదు.

మొదటి రాత్రి లెక్క:
ముప్ఫై ఏడు గొర్రెలు. తొమ్మిది అమ్మేశాం. ఎన్ని మిగిలాయి?
దీపం చిటపట తప్ప చప్పుడు లేదు.
రాదు కాబోలనుకుని
వేళ్లు మడవబోయాను.
మొహావు లేచాడు. పన్నెండేళ్లుంటాయి,
చెవి మీద మంచు కరిచిన మచ్చ.
"ఏ తొమ్మిది?" అన్నాడు.

పుస్తకంలో లేదు.
జవాబులుండే చివరి పేజీలో కూడా లేదు.

"చూడిగొర్రెని అమ్మితే రెండు పోయినట్టు.
ముసలి పొట్టేల్ని అమ్మితే సగమే పోయినట్టు.
ఆ తెల్లమెడది పోయిందంటే
దాని వెనక నడిచేవి నాలుగు దారి తప్పుతాయి.
ఏ తొమ్మిదో చెప్పకుండా
మిగిలినవి ఎలా చెప్పనమ్మా?"

ఎవరూ నవ్వలేదు. రమకాట్స తలాడించాడు,
ఇంతసేపూ ఆ మాట కోసమే చూస్తున్నట్టు.
సుద్దముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

ఎమ్ అంటే రెండు కొండలన్నాను.
మధ్య లోయలో నీళ్లుంటాయా అని అడిగారు.
వాళ్లు నాకు చెవులు చదవడం నేర్పారు:
కుడిచెవి కొసన ఒక గాటుంటే ఎగువ ఊరి పెద్దది,
ఎడమచెవి వెనక చీలిక, ముందు చిన్న తునక లేకపోతే
లోయ అవతలి ముసలమ్మది.
ఒక్కటి తప్పు చదివితే చాలు, కర్రలు లేస్తాయి.
వీళ్ల పేర్ల ఎదుట
చదువు: సున్నా అని ఎవరో చక్కటి దస్తూరీతో రాశారు.

పాఠం అయ్యాక నేల మీద మొరబరబ గళ్లు గీసేవాళ్లు.
కాయల్ని ఆవులంటారు.
నేను ఒక దాడి కట్టేలోపు
నా ఆవులన్నీ వాళ్ల దొడ్లో ఉండేవి.

ఇరవయ్యో రాత్రి మొహావు ఒక కాగితం తెచ్చాడు,
నాలుగు మడతలది, యజమాని ఇచ్చింది.
ఏడాదికి పన్నెండు గొర్రెలు జీతమని నోటిమాట.
చదివి పెడతానని చెయ్యి చాపితే ఇవ్వలేదు.
వేలితో అక్షరం అక్షరం తడుముకుంటూ
తన వేలిముద్ర దాకా వచ్చాడు.
దాని పైన ఉన్నది: ఏడు.

పన్నెండులోంచి ఏడు.
ఈసారి ఏవని అడగలేదు.
"ఐదు" అన్నాడు.
కాగితం మళ్లీ అవే మడతల మీద మడిచి
దుప్పటి లోపల పెట్టుకున్నాడు.

మా అన్న మొట్లాత్సి
ఇలాంటి కొండ మీదే ఎనిమిదేళ్లు మంద కాశాడు.
వాడి జీతపు గొర్రెల్ని అమ్మి
నా బడి ఫీజు కట్టారు.
తీసివేతల్లో నాకు ఎప్పుడూ నూటికి నూరు.

మసేరు చేరాక వాడికి ఫోన్ చేశాను.
"అప్పుడు అమ్మినవి ఏవి?" అన్నాను.
లైను తెగిందేమోనని
రెండుసార్లు ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాను.
తర్వాత, గొంతు సవరించుకుని,
వాడు పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.