ఎనభై ఎనిమిది తులాలు

తెచ్చిన రోజే తూచాను.
పాట్ మార్కెట్‌లో దేన్నైనా ముందు తూస్తాం,
తర్వాతే పేరడుగుతాం.
ఖాళీగా డెబ్బై ఎనిమిది.
ఐదు తూటాలు పడ్డాక ఎనభై ఎనిమిది తులాలు,
పైన రెండు చిన్నాలు.
బెత్తెడు కూడా లేని గొట్టం,
నోరు మాత్రం చిటికెనవేలి కొస దూరేంత.
పొట్టివాడికి గొంతు పెద్దదని
అమ్మినాయన నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
ఆ నెలలోనే మా వీరభద్రాచారి బాబాయిని
రాణిగంజ్ మలుపులో స్కూటర్ మీంచి లాగి
సంచీతోపాటు రెండు వేళ్లు కూడా పట్టుకుపోయారు.

అప్పట్నుంచి పందొమ్మిదేళ్లు
కుడి నడుము నాది కాదు.

మోండా మార్కెట్ ఖలీల్ మాస్టర్
నా ప్యాంట్లకు కుడివైపు రెండో గుడ్డ వేసి కుడతాడు.
ఏం పెడతారని ఒక్కసారీ అడగలేదు.
కొలత టేపు అక్కడిదాకా వచ్చి
మొగుడి పేరు నోటిదాకా వచ్చిన కొత్తకోడలిలా
ఆగుతుంది.

గుడికెళ్తే చెప్పులకు చోటుంది, దీనికి లేదు.
లష్కర్ బోనాలనాడు
మా ఆవిడ లోపల, నేను బయట.
"అమ్మవారి చేతినిండా ఆయుధాలే కదా,
నీ ఒక్కదానికేం అభ్యంతరం" అంటుంది.
అభ్యంతరం అమ్మవారికి కాదు.

పెళ్లిళ్లలో గ్లాసు ముట్టను.
మధూలికను చిన్నప్పుడు ఎడమ చంకనే ఎత్తుకున్నాను.
ఇప్పటికీ బండి వెనక కూచుంటే
ఎడమవైపుకే ఒరుగుతుంది,
ఎందుకో దానికీ తెలీదు.

అన్నిటికన్నా చిత్రం,
ఈ పందొమ్మిదేళ్లలో నేనెవరితోనూ కొట్లాడలేదు.
పార్కింగ్ కాడ బూతులు తిట్టినవాడికి దండం పెట్టాను.
క్యూలో దూరినవాడికి జరిగి చోటిచ్చాను.
నడుముకు చావు కట్టుకున్నవాడు
గొంతు పెంచకూడదు.
మాటకు మాట పెరిగితే
చివరి మాట దానిదే అవుతుందని భయం.
బజారంతా నన్ను శాంతమూర్తి అంటారు.
వినాయకుడి చందాలోళ్లు ముందు నా కొట్టుకే వస్తారు.

ఎలక్షన్ కోడ్ వచ్చింది.
లైసెన్సున్నవాళ్లంతా ఠాణాలో అప్పజెప్పాలి.
హెడ్ కానిస్టేబుల్ సత్తెమ్మ
తూటాలు లెక్కపెట్టి, గుడ్డసంచీ మూతికట్టి,
లక్క కరిగించి ముద్రేసి
పచ్చ రసీదు చేతిలో పెట్టింది.
మెట్లు దిగుతుంటే ఎడమకు తూలాను,
ఒకవైపు రాయి తీసేసిన త్రాసులా.

నాలుగో రోజు, ప్యారడైజ్ దగ్గర,
ఆటో అతను నలభై ఎక్కువడిగాడు.
ఎప్పటిలా ఇచ్చేద్దామని చెయ్యి జేబుకు పోయింది.
జేబు పక్కన ఏమీ లేదు.
లోపలెక్కడో మూత లేచింది.
"ఏం బే, మీటరెందుకు పెట్టినవ్,
మీ అత్తకు చూపెట్టనీకా?"
అతనూ తక్కువ తినలేదు,
మా తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.
కాలరు నేను పట్టుకున్నాను,
నా చొక్కా గుండీ అతను తెంపాడు.
ట్రాఫిక్ ఆగింది, హారన్లు,
ఎవరో ముసలాయన "ఛోడో మియా" అంటూ మధ్యలో దూరాడు.
ఎగరొప్పుతూ నిలబడ్డాం.
ఇరవైకి కుదిరింది.
పేరు జహంగీర్ అట. చాయ్ అతనే పోయించాడు.
సాసర్లో పోసుకుని, ఊదుకుని,
ఒక్క మాటా లేకుండా తాగాం.
గుండీ వెతికి ఇచ్చాడు కూడా.

ఇంటికొచ్చి కుట్టమంటే
మా ఆవిడ నా ముఖం చూసి
"ఏం తాగావు?" అంది.

ఓట్లయిపోయాయి, లెక్కింపూ అయిపోయింది.
సత్తెమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది.
"సార్, మీదొక్కటే మిగిలింది."
వస్తానన్నాను.

నిన్న రాణిగంజ్ మలుపులో సంచీతో పోతుంటే
వెనక బైకు నెమ్మదైంది.
వీపంతా చెవులైంది.
దాటిపోయింది, పాలప్యాకెట్ల పిల్లాడు.
నా చేతివేళ్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

రేపు పోతాను.
ఇవాళ సాయంత్రం మాత్రం మధూలికను బండెక్కించుకుని
ట్యాంక్‌బండ్ దాకా తిరిగి రావాలి.
కుడివైపు ఒరిగి కూచోమంటే
ఎందుకు నాన్నా అంటుంది.
ఏం చెప్పాలో
ఇంకా తూచుకోలేదు.